సంతోషాల పద్దు

మీ ఇంటిలో బాకీలు వ్రాసుకొనే పుస్తకము ఒకటి ఉండే ఉంటుంది. మా పల్లెలలో అది లేని ఇల్లు అరుదు. పాల లెక్క, కిరాణా కొట్టు లెక్క, ఎరువుల బాకీ, కూలీలకు ఇచ్చిన డబ్బు, చీటీకి కట్టిన వాయిదా, అన్నీ అందులో ఉంటాయి. చదువు రాని తల్లులు సహితము తలుపు వెనుక బొగ్గుతో గీతలు గీసి పాల లెక్క తప్పిపోకుండా ఉంచుకొనేవారు. మరచిపోతే నష్టమని తెలుసు గనుక వ్రాసుకొంటాము. అయితే దేవుడు మన ఇంటిలో దినదినము ఇచ్చే సంతోషాలను వ్రాసుకొనే పుస్తకము మనకున్నదా? మా ఇంటిలో లేదు. లేనందువలన మేమేమి పోగొట్టుకొన్నామో, మా అమ్మగారు ప్రభువునందు నిద్రించిన తరువాత గాని మాకు తెలియలేదు.

ఆమె 2019లో వెళ్లిపోయారు. జ్ఞాపకార్థ కూడికకు ముందు రోజు ఆమె ట్రంకు పెట్టె తెరచి చూశాము. ఆమెను గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది గదా, ఏమైనా దొరుకుతుందేమోనని మా ఆశ. పొలము దస్తావేజు ఉన్నది. శిస్తు కట్టిన రసీదులు ఉన్నవి. ఎరువుల కొట్టు చీటీలు, ఆస్పత్రి చీటీలు, మా నాన్నగారి మరణ ధ్రువపత్రము ఉన్నవి. తీర్చివేసిన అప్పు పత్రాలు దారముతో కట్టి పెట్టి ఉన్నవి. ఒక్క పెళ్లి ఫోటో ఉన్నది గాని అందులో ఆమె బిగుసుకొని నిలబడ్డారు. పెట్టె నిండా ఆమె కష్టమే ఉన్నది.

మరునాడు మేము అదే చెప్పాము. అమ్మగారు ఎంత కష్టపడ్డారో, ఎలా అప్పులు తీర్చారో, చివరి రెండేళ్లు మంచము మీద ఎంత ఓర్చుకొన్నారో చెప్పాము. విన్నవారు కన్నీరు తుడుచుకొన్నారు. ఇంటికి వచ్చిన తరువాత, అప్పటికి పదేళ్ల వయస్సున్న మా అమ్మాయి అడిగింది: "నాన్నా, నాయనమ్మ ఎప్పుడూ నవ్వలేదా?"

మాకు వెంటనే మాట రాలేదు. ఎందుకు నవ్వలేదు? ఆమె నవ్వేవారు. చీర కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, భుజాలు కదిలిపోయేలాగున నవ్వేవారు. మా చిన్నతనములో ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో అందరము మోకాళ్ల మీద ఉండగా ఏదో జరిగింది. అమ్మగారు నవ్వు ఆపుకోలేక అలాగే పక్కకు ఒరిగిపోయారు. నాన్నగారు కూడా ప్రార్థన మధ్యలో ఆపి నవ్వారు. ఆ నవ్వు మాకు బాగా జ్ఞాపకమున్నది. కాని ఏమి జరిగి నవ్వామో ఎంత ఆలోచించినా జ్ఞాపకము రాలేదు. అమ్మగారు పుచ్చుకొన్న ప్రతి అప్పుకూ కాగితమున్నది. ఆమె నవ్విన ఒక్క నవ్వుకూ కాగితము లేదు.

సంఘములో మేము మూడు రిజిస్టర్లు వ్రాస్తాము. ఒకటి బాప్తిస్మాలది, ఒకటి వివాహాలది, ఒకటి సమాధులది. ఒక మనిషి పేరు ఒక రిజిస్టరులో నుండి మరొక రిజిస్టరుకు మారే లోపల ఎన్ని సాయంకాలాలు గడుస్తాయి! అవన్నీ ఎక్కడ వ్రాసి ఉన్నవి? ఈ ఆలోచన మమ్మును చాలా రోజులు విడువలేదు.

ఆ సంగతి ఒకనాడు మా శ్రీమతితో అంటే ఆమె పొయ్యి దగ్గర నుండే సమాధానమిచ్చింది. "ఏమండీ, రోజూ పిడికెడు బియ్యం తీస్తున్నాం గదా. రోజుకొక సంతోషం తీసిపెట్టలేమా?"

పిడికెడు బియ్యము సంగతి మీకు తెలియనిది కాదు. అన్నము వండేటప్పుడు ఎసట్లో పోయకముందే గృహిణి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. నిండిన తరువాత దానిని మందిరానికి తెస్తుంది. మన సంఘాలలోనే గాక దూరాన మిజోరం రాష్ట్రపు సంఘాలలో కూడా ఈ ఆచారమున్నది. పిడికెడు తీసినందున ఆ పూట ఎవరికీ అన్నము తక్కువ కాలేదు. ఒక్క పిడికెడు చూస్తే అది లెక్కలోనిది కాదు. నెల తిరిగేసరికి కుండ బరువు తెలుస్తుంది. అయితే ఇందులో ఒక నియమమున్నది. వండకముందే తీయాలి. తిన్న తరువాత మిగిలితే తీద్దామనుకొంటే ఏనాటికీ తీయలేము. సంతోషము కూడా అంతే. తీరిక దొరికినప్పుడు జ్ఞాపకము చేసికొందామంటే అప్పటికది ఉండదు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసి, 2020 జనవరి 1 తెల్లవారుజామున ఇంటికి వచ్చి, 200 పేజీల నోటు పుస్తకము ఒకటి తెరిచాము. బైబిలు పెట్టుకొనే కిటికీలోనే దానినీ పెట్టాము. పెన్ను ఎవరూ పట్టుకొనిపోకుండా పోస్టాఫీసులో మాదిరి దారము కట్టాము. సాయంకాల ప్రార్థన అయిన తరువాత ఒక్కొక్కరు ఒక్క వాక్యము వ్రాయాలని అనుకొన్నాము. మొదటి దినాన మా అమ్మాయి, "అర్ధరాత్రి గుళ్లో అందరితో కేకు తిన్నాను" అని వ్రాసింది. మూడవ తరగతి చదివే మావాడు, "నేను నిద్రపోలేదు" అని వ్రాశాడు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది. బైబిలు కళాశాలలో డిప్లొమా చదివిన రోజుల నుండి ఏది చూచినా అందులో ఒక పాఠము వెదకడము మాకు అలవాటు. పది రోజులు గడవకముందే ఆ పుస్తకాన్ని దిద్దడము మొదలుపెట్టాము. అక్షర దోషాలు ఎర్ర సిరాతో దిద్దాము. ప్రతి వాక్యము చివర 'స్తోత్రము' అని చేర్పించాము. ఒకనాడు మావాడు, "ఈరోజు సారు రాలేదు, సాయంత్రం దాకా ఆడుకున్నాం" అని వ్రాస్తే, "ఇదా సంతోషం? కృతజ్ఞత చెప్పదగినది ఏదైనా రాయి" అని గద్దించాము. వాడు తలవంచుకొని ఆ వాక్యాన్ని కొట్టివేశాడు.

ఆ తరువాత పుస్తకము మాకు ఎంతో బాగున్నట్టు కనబడింది. "దేవుడు ఈ దినము కాపాడినందుకు స్తోత్రము." మరునాడూ అదే. ఆ మరునాడూ అదే. అక్కా తమ్ముడు ఇద్దరూ అదే వ్రాస్తున్నారు. మేము సంతోషించాము. ఒక రాత్రి మా శ్రీమతి పుస్తకము మా ముందుంచి, "పదకొండు రోజుల నుండి ఒకటే మాట ఉంది చూడండి. వీళ్లు మీ కోసం రాస్తున్నారండి, జరిగింది రాయటం లేదు" అన్నది.

ఆ మాట మాకు గట్టిగా తగిలింది. ఆ వారమే ప్రసంగము సిద్ధపరచుకొనడానికి నిర్గమకాండము పదహారవ అధ్యాయము చదువుతున్నాము. మోషే అహరోనుతో ఒక గిన్నెలో ఓమెరు మన్నా పోసి రాబోయే తరాల వారి కొరకు ఉంచుమన్న సంగతి అక్కడున్నది. ఎన్నిసార్లు చదివామో! అప్పటివరకు మా మనస్సుకు తట్టని విషయము ఆనాడు తట్టింది. ఎర్ర సముద్రము పాయలైన దినము కంటే గొప్ప దినము ఇశ్రాయేలీయులకు ఏమున్నది? అయినా ఆ సముద్రపు నీళ్లు గిన్నెలో పట్టి దాచుమనలేదు. ప్రతి ఉదయము ఏరుకొని తిన్న ఆహారాన్ని, తరువాత కాలములో వారు విసుగుకొని సణిగిన ఆ ఆహారాన్నే దాచుమన్నాడు. దాచినది ఒక్క మనిషి ఒక్క దినము తినే పాలు. దానికి మెరుగులేమీ పెట్టలేదు. ఎలా కురిసినదో అలాగే దాచారు.

మరి మావాడి మన్నాకు మేమెందుకు మెరుగులు పెట్టాలి? బడి ఎగ్గొట్టకుండానే దొరికిన ఆట వాడికి ఆ దినపు ఓమెరు గదా!

ఆ రాత్రి పిల్లలను కూర్చోబెట్టి, "తప్పు మాదే. ఇకమీదట ఎవరూ ఎవరి మాటా దిద్దరు. జరిగింది జరిగినట్టు రాయండి. రాయటానికేమీ లేకపోతే తేదీ వేసి వదిలేయండి" అన్నాము. వాడు ఆలోచించి పెన్ను తీసికొన్నాడు. మరునాడు చూస్తే, "నాన్న సారీ చెప్పాడు" అని ఉన్నది. ఎర్ర సిరా పెన్ను ఆనాటితో ఆ కిటికీ దగ్గరకు వెళ్లలేదు.

ఆ మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. మందిరము తలుపులు మూసుకొన్నవి. ఫోనులో ప్రార్థనలు చేశాము. ఆ ఏడాదీ ఆ పై ఏడాదీ సమాధుల రిజిస్టరులో మేము ఎన్నడూ వ్రాయనన్ని పేర్లు వ్రాశాము. ఆ కాలాన్ని తలచుకొంటే మాకు భయమూ, మూసిన తలుపులూ మాత్రమే జ్ఞాపకము వస్తాయి. పుస్తకము తెరిస్తే మరొక సంగతి కూడా కనబడుతుంది. "ఈస్టరు ఆరాధన వరండాలో చేశాం. అమ్మ పాడుతుంటే పక్కింటి కుక్క కూడా పాడింది." "ముంజెకాయలతో బండి చేసి ఇచ్చాడు నాన్న. ఒక చక్రం ఊడిపోయింది, అయినా నడిచింది." "ఆవకాయ కలిపిన బేసిన్‌లో అన్నం కలిపి అమ్మ ముద్దలు పెట్టింది. నాకు నాలుగు, అక్కకు మూడు." "కరెంటు పోయింది. డాబా మీద పడుకున్నాం. చుక్కలు లెక్కపెడుతూ తమ్ముడు 112 దగ్గర నిద్రపోయాడు." ఆ భయమూ నిజమే, ఈ ముద్దలూ నిజమే. వ్రాయకపోతే భయము ఒక్కటే మిగిలేది.

పెద్ద చదువులు చదివినవారు కూడా దీనిని పరిశీలించారు. రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరిని వారానికొకసారి తాము కృతజ్ఞత చూపదగిన సంగతులను వ్రాయమన్నారు. మరికొందరిని తమకు కలిగిన చికాకులను వ్రాయమన్నారు. పది వారాల తరువాత చూస్తే, మొదటివారు తమ జీవితమును గూర్చి ఎక్కువ తృప్తితోను, రాబోయే వారమును గూర్చి ఎక్కువ నిరీక్షణతోను ఉన్నారట. పిడికెడు బియ్యము తీసిన మన అమ్మలకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

అయితే ఇది మాకు నిజముగా తెలిసినది 2023 డిసెంబరులో. మాది బాపట్ల ప్రాంతము. మా నాన్నగారి నుండి వచ్చిన ఎకరన్నర పొలములో ఆ ఏడు వరి బాగా పండింది. కోయించాము. పనల మీద ఆరుతున్నది, రెండు రోజులలో కుప్ప వేద్దామనుకొన్నాము. ఇంతలో మిచౌంగ్ తుపాను వచ్చి డిసెంబరు 5న బాపట్లకు దగ్గరలోనే తీరము దాటింది. మరునాడు వెళ్లి చూస్తే పనలు నీళ్లలో తేలుతున్నవి. నీళ్లు తీసే లోపల కంకుల మీదే గింజ మొలకెత్తింది. పెట్టుబడికి తెచ్చిన అప్పు అలాగే ఉన్నది. సంఘములో సగము ఇళ్లది ఇదే పరిస్థితి. మేము ప్రతి ఇంటికీ వెళ్లి ధైర్యము చెప్పి ప్రార్థన చేశాము. ఇంటికి వచ్చి మాత్రము ఎవరితోనూ మాట్లాడలేదు. కంచము ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవారము. క్రిస్మసు నక్షత్రము కూడా కట్టలేదు. కిటికీలోని పుస్తకాన్ని ఎవరూ తెరవలేదు.

డిసెంబరు 22 రాత్రి ప్రార్థన అయిన తరువాత మావాడు లేచి ఆ పుస్తకము తీశాడు. అప్పటికి వాడు ఏడవ తరగతి. మాకు కోపము వచ్చింది. "ఇప్పుడేం సంతోషం రా నీకు?" అన్నాము. వాడు మాట్లాడలేదు. ఏదో వ్రాసి, పుస్తకము మూసి వెళ్లి పడుకొన్నాడు.

అందరూ నిద్రపోయాక తెరిచి చూశాము. "నాన్న ఈరోజు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు."

మేము పెట్టించుకొన్న సంగతి మాకే తెలియదు. పదిహేడు రోజులుగా ఒక బిడ్డ మా కంచము వైపు చూస్తూ ఉన్నాడు. మా ప్రాంతములో పంట పోయిన ఇంట తండ్రి మౌనము ఏ దారికి పోగలదో పిల్లలకు కూడా తెలుసు. వాళ్లు వింటారు, కాని పైకి అడగరు. వాడు అడగలేని ప్రశ్న అంతా ఆ ఒక్క వాక్యములో ఉన్నది. ధైర్యము చెప్పడానికి ఊరంతా తిరిగిన మేము, మా ఇంటిలో భయపడుతున్న బిడ్డను చూడలేదు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాము. ఏడ్చి, వాడి వాక్యము క్రింద మా వాక్యము వ్రాశాము: "మావాడు నన్ను చూస్తూ ఉన్నాడు." మరునాడు వాడూ మేమూ కలిసి నక్షత్రము కట్టాము. ఆ సాయంకాలము భోజనాల దగ్గర అప్పు ఎంత ఉన్నదో, ఎలా తీర్చాలనుకొంటున్నామో పిల్లలిద్దరికీ దాచకుండా చెప్పాము. అమ్మాయి కాగితము మీద లెక్క వేసింది.

ప్రియులారా, పుస్తకములో వ్రాసినందువలన పంట తిరిగి రాలేదు. ఆ అప్పు తీరడానికి మరి రెండు పంటలు పట్టినవి. ఈ పుస్తకము దుఃఖాన్ని కప్పిపెట్టడానికి కాదు. ఏడ్వడానికి కీర్తనలలోనే ఎంతో చోటున్నది. యిర్మీయా విలాపములు వేరుగా ఒక గ్రంథమే ఉన్నది. సంతోషము వ్రాయడమంటే బాధ లేదని అబద్ధమాడడము కాదు. ఆ బాధలో కూడా ఒకరు రెండోసారి అన్నము పెట్టించుకొన్నారని సాక్ష్యము వ్రాయడము.

మీరును మొదలుపెట్టదలిస్తే మాకు తెలిసిన కొన్ని మాటలు చెప్పుతాము. ఖరీదైన డైరీ అవసరము లేదు. బడి పుస్తకములో మిగిలిన కాగితాలు కుట్టుకొన్నా చాలును. ప్రతి రాత్రి ఒకే వేళకు, ఒకే చోట వ్రాయండి. ఒక్క వాక్యము చాలు. వ్రాయడము రానివారు చెప్పితే పిల్లలు వ్రాస్తారు. మా సంఘములో చూపు మందగించిన ఒక అవ్వ తన మనవరాలిచేత వ్రాయించిన మొదటి మాట ఇది: "నా మనవరాలు సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది." వ్రాసిన ఆ పిల్ల ఇప్పుడు రోజూ అవ్వ దగ్గర కూర్చుంటున్నది.

ఫోనులో ఫోటోలు ఉన్నవి గదా అని కొందరు అంటారు. ఉన్నవి, మంచిదే. అయితే ఫోను పాడైతే అవి పోతాయి. పోకపోయినా, అందరూ నవ్వుతున్న ఫోటో చూచి ఎందుకు నవ్వారో పదేళ్ల తరువాత ఎవరు చెప్పగలరు? ఆ 'ఎందుకు' అనేది మాటలలోనే నిలుస్తుంది.

వచ్చిన చుట్టాలకు చూపించి గొప్పలు చెప్పుకొనవద్దు. "అప్పుడు ఇలా రాశావు, ఇప్పుడిలా చేస్తున్నావు" అని పిల్లలను గద్దించడానికి దానిని వాడవద్దు. ముఖ్యముగా, మావలె దిద్దవద్దు. ఇంటిలో మాట పట్టింపు వచ్చిన రోజు తేదీ వేసి ఖాళీగా విడువండి. మా పుస్తకాలలో అటువంటి ఖాళీ తేదీలు చాలా ఉన్నవి. వాటిలో ఎక్కువ భాగము మా దంపతుల వలన ఖాళీ అయినవే. సంవత్సరాంతమున డిసెంబరు 31 సాయంకాలము ఆరాధనకు బయలుదేరకముందు అందరూ కూర్చుని మొదటి నుండి చదవండి. యొర్దానులో నుండి తెచ్చిన పండ్రెండు రాళ్లను యెహోషువ గిల్గాలులో నిలిపినది, పిల్లలు అవేమిటని అడిగినప్పుడు పెద్దలు చెప్పుటకే గదా. మన పిల్లలు కూడా అడుగుతారు. అడిగిననాడు చెప్పడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఆనాడు మా దగ్గర సమాధానము లేదు. అది ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. మొన్న వేసవిలో మా పిన్నమ్మగారు, అంటే అమ్మగారి చెల్లెలు, మా ఇంటికి వచ్చి వారము రోజులున్నారు. మా అమ్మాయి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని నాయనమ్మ ఎప్పుడు నవ్విందో చెప్పమన్నది. ఆమె కూడా ఆ రాత్రి ప్రార్థనలో ఉన్నారట! నాన్నగారు కన్నులు మూసుకొని దీర్ఘముగా ప్రార్థిస్తుంటే, మా మేకపిల్ల తాడు తెంపుకొని లోపలికి వచ్చి ఆయన భుజము మీది తువ్వాలు నమలడము మొదలుపెట్టిందట. ఎవరో లాగుతున్నారనుకొని ఆయన, "ఉండవే, ఇంకా అయిపోలేదు" అన్నారట. అది "మే" అన్నదట. అంతే, అమ్మగారు కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నారు.

విని మేమందరము నవ్వాము. నవ్వుతూనే మాకు కన్నీరు వచ్చింది. ఇప్పుడు మా కిటికీలో ఆరవ పుస్తకము నడుస్తున్నది. దాని లోపలి అట్ట మీద మా అమ్మాయి ఆ సంగతంతా వ్రాసి, పైన "తేదీ తెలియదు" అని పెట్టింది. పిన్నమ్మగారు ఆ వేసవిలో రాకపోతే అది కూడా మాకు దక్కేది కాదు.

మీ ఇంటిలో ఈ దినము ఏమి జరిగిందో మాకు తెలియదు. మీకు తెలుసు. ఆ తేదీ తెలిసి ఉండగానే, ఈ రాత్రి ప్రార్థన ముగిసిన తరువాత, దీపము ఆర్పకముందు ఒక్క వాక్యము వ్రాయండి. ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక.